వెలికో తర్నోవో చర్చిలు, మఠాలు: నది ఒడ్డు నుంచి మొదలుపెట్టి చూస్తే

బల్గేరియాలోని వెలికో తర్నోవోకి వచ్చేవాళ్ళలో చాలామంది బస్సు దిగీ దిగగానే త్సారెవెట్స్ కోటకి పోతారు. కోట పెద్దది, ఊళ్ళో ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది, ఫోటోల్లో కనిపించేదీ అదే. రెండు మూడు గంటలు అక్కడే ఎక్కి దిగేసరికి కాళ్ళు పీకుతాయి. మిగతావన్నీ వదిలేసి సాయంత్రం బస్సుకి సోఫియా వెళ్ళిపోతారు. నేను తిరిగిన వరస వేరు. ముందు నది ఒడ్డున ఉన్న పాత చర్చిలు, తర్వాత కోట, ఆ తర్వాత కొండ మీది అర్బనాసి గ్రామం, చివరికి ప్రెయోబ్రజెన్‌స్కీ మఠం. ఈ వరసలో వెళ్తే ఆ దేశం చరిత్ర గోడల మీదే కనిపిస్తుంది. సొంత రాజ్యం ఉన్న రోజుల్లో చర్చి బయటి గోడని కూడా ముస్తాబు చేశారు. తర్వాత వచ్చిన ఒట్టోమన్ తుర్కుల పాలనలో ఆ ముస్తాబంతా లోపలికి వెళ్ళిపోయింది. 19వ శతాబ్దంలో రంగులు మళ్ళీ బయటి గోడ ఎక్కాయి. ఈ సంగతి తెలిసి చూస్తే ఒక్కో చర్చి దగ్గర ఎక్కడ నిలబడాలో, ఏం వెతకాలో వెంటనే అర్థమవుతుంది.

ముందు ప్రయాణం సంగతి. సోఫియాలో సెంట్రల్ బస్ స్టేషన్ సెంట్రల్ రైల్వే స్టేషన్ పక్కనే ఉంటుంది. అక్కడి నుంచి తర్నోవోకి బస్సులో మూడు గంటల పైన పడుతుంది. రైల్లోనూ రావచ్చు గానీ సోఫియా–వర్నా ప్రధాన మార్గం తర్నోవో మీదుగా పోదు. గోర్నా ఒర్యాహోవిత్సా జంక్షన్‌లో దిగి, వేరే బండి గానీ లోకల్ బస్సు గానీ పట్టుకోవాలి. తర్నోవోకి సొంత రైల్వే స్టేషన్ ఉంది, కానీ అది లోయలో, నది పక్కన ఉంది. ఊరేమో పైన. పెట్టెలతో ఆ ఎత్తు ఎక్కడం కష్టం. మనవాళ్ళకి బస్సే నయం. రొమేనియా వైపు నుంచి వచ్చేవాళ్ళు బుకారెస్ట్ నుంచి సరిహద్దు ఊరు రూసే మీదుగా రావచ్చు. 2025 జనవరి 1 నుంచి బల్గేరియా పూర్తిగా షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగల యూరప్ దేశాల కూటమిలో) ఉంది. అందువల్ల జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో రెసిడెన్స్ పర్మిట్ మీద ఉన్న తెలుగువాళ్ళకి వేరే వీసా అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి నేరుగా వచ్చేవాళ్ళకి షెంగెన్ వీసా కావాలి. డబ్బు విషయానికొస్తే, 2026 జనవరి 1 నుంచి అక్కడ యూరోనే చెల్లుతుంది. పాత బ్లాగుల్లో లెవాల్లో, అంటే అంతకుముందున్న కరెన్సీలో రాసిన ధరలు కనిపిస్తే ఇంచుమించు రెండుతో భాగించండి, సరిగ్గా చెప్పాలంటే 1.95583తో. మఠాల దగ్గర కొవ్వొత్తులకీ చిన్న చిన్న టికెట్లకీ కార్డు తీసుకుంటారన్న నమ్మకం పెట్టుకోవద్దు, చిల్లర ఉంచుకోండి.

ఊరి స్వరూపం అర్థం కాకపోతే మ్యాప్ మోసం చేస్తుంది. యాంత్రా నది ఇక్కడ పాములా మెలికలు తిరుగుతూ కొండల మధ్య నుంచి పోతుంది. ఇళ్ళు ఆ కొండల వాలు మీద అంతస్తులు అంతస్తులుగా ఉంటాయి. మ్యాప్‌లో రెండు వీధులు పక్కపక్కనే కనిపిస్తాయి, తీరా చూస్తే మధ్యలో నూరు మెట్లు ఉంటాయి. ఫోన్ చెప్పిన నడక సమయానికి సగం కలుపుకోండి. పాత పేటలో రాళ్ళు పరిచిన దారులు వాన పడితే బాగా జారతాయి. పట్టు ఉన్న అరికాలు బూట్లు వేసుకోవాలి, చెప్పులతో వెళ్ళొద్దు.

మొదలుపెట్టాల్సింది అసెనోవా మహలా నుంచి. త్సారెవెట్స్, ట్రపెజిత్సా కొండల మధ్య, నదికి రెండు పక్కలా ఉన్న పేట ఇది. ఇక్కడి సెయింట్ డిమిత్రి చర్చిలోనే 1185లో అసెన్, పీటర్ అనే అన్నదమ్ములు అప్పటి పాలకులైన బైజాంటియం సామ్రాజ్యం మీద తిరుగుబాటు ప్రకటించారు. రెండో బల్గేరియన్ సామ్రాజ్యం అక్కడ మొదలైంది, 1393లో ఒట్టోమన్లు పట్టుకునేవరకు తర్నోవోనే దాని రాజధాని. ఇప్పుడు కనిపించే చర్చిలో చాలా భాగం తర్వాత తిరిగి కట్టినదే. చాలాసార్లు తాళం వేసే ఉంటుంది. దానికి నిరాశ పడక్కర్లేదు, ఇక్కడ చూడాల్సింది బయటి గోడే. దగ్గరికి వెళ్ళి చూడండి. తెల్లరాయి వరస, ఎర్ర ఇటుక వరస ఒకదాని మీద ఒకటి పేర్చారు. కమానుల చుట్టూ చిన్న చిన్న మట్టి బిళ్ళలు, కొన్ని గుండ్రంగా, కొన్ని పువ్వు ఆకారంలో, రంగు మెరుపుతో అతికించారు. దారిన పోయేవాడు తలెత్తి చూడాలనే కోరిక ఆ గోడలో ఉంది. ఇది గుర్తుపెట్టుకుంటే అర్బనాసిలో గోడ చూసినప్పుడు తేడా తెలుస్తుంది.

నది దాటి ఇవతలికి వస్తే నలభైమంది అమరుల చర్చి. నా దృష్టిలో ఊరు మొత్తంలో ముఖ్యమైన కట్టడం ఇదే, కోట కంటే కూడా. 1230 మార్చి 9న క్లోకోత్నిత్సా దగ్గర గ్రీకు రాజ్యమైన ఎపిరస్ పాలకుడు థియొడోర్ కొమ్నెనోస్‌ని ఓడించిన బల్గేరియా రాజు రెండో ఇవాన్ అసెన్ ఈ చర్చి కట్టించాడు. ఆ రోజు నలభైమంది అమరుల పండగ కాబట్టి ఆ పేరు పెట్టాడు. చర్చి ఇప్పటికీ ఆ పండగని మార్చి 9నే చేసుకుంటుంది, ఊరి పండగ మాత్రం మార్చి 22న వస్తుంది. పాత క్యాలెండర్‌కీ కొత్త దానికీ 13 రోజుల తేడా. మార్చిలో వెళ్ళేవాళ్ళు ఈ రెండు తేదీలూ చూసుకోవాలి, 22న హోటల్ గదులు దొరకడం కష్టమవుతుంది.

లోపల కుడ్యచిత్రాలు కొద్దిగానే మిగిలాయి. చూడాల్సింది స్తంభాలు. ఒక దాని మీద ఇవాన్ అసెన్ శాసనం ఉంది. అడ్రియానోపుల్ నుంచి అల్బేనియా తీరంలోని డురెస్ దాకా తాను గెలిచిన నేలని అందులో చెప్పుకున్నాడు. ఇంకొకటి అంతకంటే నాలుగు వందల ఏళ్ళ పాతది, 9వ శతాబ్దపు ఖాన్ ఒముర్తగ్ వేయించిన గ్రీకు శాసనం. క్రైస్తవం రాకముందు ఆ దేశాన్ని ఏలినవాడు అతను. మనిషి బాగా బతికినా చనిపోతాడు, మరొకడు పుడతాడు, ఆ తర్వాత పుట్టినవాడు దీన్ని చూసి కట్టించినవాణ్ణి తలుచుకోవాలి అని దాని సారాంశం. మూడోది ఖాన్ క్రుమ్ కాలం నాటిది, మీద ఒక కోట పేరు మాత్రమే ఉంటుంది. పాత రాజుల స్తంభాలని తెచ్చి తన గెలుపు చర్చిలో నిలబెట్టడం ఇవాన్ అసెన్ కావాలని చేసిన పని. ఆ పాత రాజులకి తన వంశమే వారసులని చెప్పుకోవడం అది. అక్షరాలు తేలిగ్గా కనపడవు, వెలుతురు పక్క నుంచి పడే వైపు నిలబడితే చెక్కడం లోతు తెలుస్తుంది. ఒట్టోమన్ల కాలంలో ఈ చర్చి మసీదు అయింది. 1908లో అప్పటి పాలకుడు ఫెర్డినాండ్ బల్గేరియా పూర్తి స్వాతంత్ర్యాన్ని ప్రకటించడానికి ఎంచుకున్న చోటు కూడా ఇదే.

కొంచెం ఉత్తరంగా, కోట కొండ అడుగున, సెయింట్ పీటర్ అండ్ పాల్ చర్చి ఉంది. 13వ శతాబ్దపు కట్టడం. స్తంభాల తలల మీద రాతి నగిషీ, గోడల మీద వేర్వేరు శతాబ్దాల పొరలు. ఒకే గోడ మీద పాత బొమ్మ ఎక్కడ ఆగిందో, తర్వాతి వాళ్ళు ఎక్కడ మొదలుపెట్టారో రంగుల తేడాని బట్టి పట్టుకోవచ్చు. 1393 తర్వాత పైన కోటలోని ప్రధాన చర్చి నాశనమైపోతే, మతాధిపతుల పీఠం ఈ చిన్న చర్చికి దిగింది. ఇక్కడ ఫోటోలకి ఆంక్షలు ఉంటాయి, టికెట్ దగ్గరే అడగండి. ఫ్లాష్ మాత్రం ఎక్కడా వాడకూడదు, రంగులు పోతాయి. ఈ చర్చిలూ కోటా అర్బనాసిలోని పెద్ద చర్చీ ఊరి చరిత్ర మ్యూజియం ఆధీనంలో ఉన్నవి. ఎన్ని చోట్లకి వెళ్తారో మొదటి కౌంటర్‌లోనే చెప్పి, కలిపి ఇచ్చే టికెట్ ఉందేమో కనుక్కోండి. చలికాలంలో అన్నీ తొందరగా మూసేస్తారు. మూసే సమయానికి ముందే టికెట్లు ఆపేస్తారు కాబట్టి బోర్డు మీద ఉన్న టైముకి గంట ముందే ఉండాలని లెక్క వేసుకోండి.

ఇప్పుడు కోట ఎక్కొచ్చు. త్సారెవెట్స్‌కి మూడు వైపులా నది కోసిన లోయలు, పడమటి వైపు ఒక్కటే సన్నని రాతి మెడ. గేటు అక్కడే. కొండ నెత్తిన కనిపించే పాట్రియార్క్ (ప్రధాన మతాధిపతి) చర్చి 1981 నాటికి తిరిగి నిలబెట్టినది, బల్గేరియా రాజ్యానికి 1300 ఏళ్ళు నిండిన సందర్భంలో. లోపల బొమ్మలు 1985లో తియోఫాన్ సోకెరోవ్ వేసినవి. ముదురు రంగులు, సాగదీసిన దేహాలు, దేశ చరిత్రలోని విషాదాలు. ఐకన్లు, అంటే పూజించే పటాలు ఉంటాయనుకుని వెళ్ళినవాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అక్కడ పూజలు జరగవు, మ్యూజియంగానే ఉంచారు. కొంతమందికి ఇది నచ్చదు, అది పాత చర్చి కాదని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. అసలుది 1393లోనే పోయింది. లేనిదాన్ని నకలు చేసి నమ్మించే బదులు, పోయిందన్న బాధనే బొమ్మగా వేశారు. పది నిమిషాలు మధ్యలో నిలబడి చుట్టూ చూడండి, కథ తెలియకపోయినా తాకుతుంది. ఎక్కలేని పెద్దవాళ్ళు వెంట ఉంటే పైకి లిఫ్ట్ ఉంది, నడుస్తోందో లేదో గేటు దగ్గరే అడగాలి. దక్షిణం మూల ఉన్న బాల్డ్విన్ బురుజు కూడా 1930ల్లో తిరిగి కట్టినదే. 1205లో అడ్రియానోపుల్ దగ్గర బల్గేరియా రాజు కలోయాన్‌కి చిక్కిన లాటిన్ చక్రవర్తి బాల్డ్విన్‌ని ఇక్కడ బంధించారని చెప్తారు. కోటలో నీడ తక్కువ. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఎక్కొద్దు, నీళ్ళు తీసుకెళ్ళండి.

ఎదురుగా కనిపించే ట్రపెజిత్సా కొండ మీద పునాదులే ఎక్కువ. కానీ దేశానికి ఆరాధ్యుడైన రీలా యోగి సెయింట్ ఇవాన్ అవశేషాలు 1195 నుంచి 1469 వరకు ఉన్నది తర్నోవోలోనే, ఆ కొండ మీది చర్చిలోనే. సమయం లేకపోతే ఇది వదిలేసినా పర్వాలేదు. చీకటి పడ్డాక కోట మీద జరిగే లైట్ అండ్ సౌండ్ షో గేటు ముందున్న చౌకులోంచి బాగా కనిపిస్తుంది. అది రోజూ ఉండదు, ఆ రోజు ఉందో లేదో టూరిస్ట్ కేంద్రంలో అడిగి తెలుసుకోవాలి.

అర్బనాసి తర్నోవోకి 4 కిలోమీటర్లు, అంతా ఎగువ. పోయేటప్పుడు టాక్సీ, వచ్చేటప్పుడు నడక బాగుంటుంది. టాక్సీ ఎక్కేముందు కిటికీ అద్దం మీద అంటించిన రేట్ల కాగితం చూడండి, మీటర్ వెయ్యమనండి. గ్రామంలో ఎత్తైన రాతి ప్రహరీలు, మేకులు కొట్టిన బరువైన తలుపులు. ఒట్టోమన్ల కాలంలో ఇది వ్యాపారుల ఊరు, బాగా డబ్బున్న ఊరు. 18వ శతాబ్దం చివర దోపిడీ ముఠాలు పదేపదే మీద పడి కొల్లగొట్టాయి. అలాంటి కాలం కోసం కట్టిన ఇల్లు ఎలా ఉంటుందో కాన్స్టాంత్సాలియేవ్ ఇంట్లో చూడొచ్చు: కింద రాయి, చిన్న కిటికీలు, పైన చెక్క పైకప్పుల కింద వెచ్చని గదులు.

క్రీస్తు జననం చర్చి దగ్గరికి వెళ్ళినప్పుడు చాలామంది దాటి ముందుకు పోతారు. ధాన్యం నిల్వచేసే కొట్టులా పొడవుగా, కురచగా ఉంటుంది. గుమ్మటం లేదు, గంటల గోపురం లేదు, బయటి గోడకి ఒక్క బొమ్మ లేదు. కింద డిమిత్రి చర్చి గోడని చూసి వచ్చినవాళ్ళకి ఆ తేడా చెంపదెబ్బలా తగులుతుంది. చర్చి ఎత్తు మీదా గంటల మీదా పాలకుల ఆంక్షలు ఉన్న కాలం అది. లోపలికి అడుగుపెట్టాక ఏమీ కనపడదు. తొందరపడకండి, కళ్ళు అలవాటు పడడానికి ఐదు నిమిషాలు ఇవ్వండి. అప్పుడు తెలుస్తుంది, గోడలో గానీ కప్పులో గానీ అరచేయంత ఖాళీ వదల్లేదని. 16వ శతాబ్దం చివరి నుంచి 17వ శతాబ్దం సగం దాకా విడతలు విడతలుగా వేసిన వేల బొమ్మలు ఇక్కడ ఉన్నాయి. మగవాళ్ళ విభాగం వేరు, ఆడవాళ్ళ విభాగం వేరు, పక్కన పొడవాటి వసారా, ఒక చిన్న ఉపాలయం.

అన్నీ చూడాలని మొదలుపెడితే ఏదీ గుర్తుండదు. నా సలహా, వసారాలో యెస్సే వృక్షం ఒక్కటి పట్టుకోండి. క్రీస్తు వంశవృక్షం అది. దాని కింది వరసలో ప్లేటో, అరిస్టాటిల్ లాంటి గ్రీకు తత్వవేత్తలు నిలబడి ఉంటారు, చేతుల్లో రాత చుట్టలతో. క్రీస్తు పుట్టక ముందే సత్యాన్ని కొంత తెలుసుకున్నారని వాళ్ళకి ఆ చోటు ఇచ్చారు. పేర్లు గ్రీకు లిపిలో ఉంటాయి, ఆ ఊరి వ్యాపారుల చదువు గ్రీకు చదువు. మెడ నొప్పి పెడుతుంది కాబట్టి గోడ పక్కన ఆనుకోకుండా మధ్యలో నిలబడి చూడండి. గోడలకి చెయ్యి, సంచీ, జుట్టు తగలకూడదు.

ప్రెయోబ్రజెన్‌స్కీ మఠం ఊరికి ఉత్తరాన, 7 కిలోమీటర్ల దూరంలో, రూసే వెళ్ళే రోడ్డు నుంచి చీలిన అడవి దారిలో ఉంటుంది. ఆ వైపు పోయే బస్సెక్కి డ్రైవర్‌కి మఠం మలుపు దగ్గర దింపమని చెప్తే, అక్కడి నుంచి దాదాపు 3 కిలోమీటర్లు పైకి నడవాలి. దారి చక్కనిది, నీడ ఉంటుంది. ఎదురు కొండ మీద హోలీ ట్రినిటీ సన్యాసినుల మఠం కనిపిస్తుంది. పిలిస్తే పలికేంత దగ్గర అనిపిస్తుంది గానీ మధ్యలో యాంత్రా లోయ ఉంది, రెండింటికీ దారులు వేరు. ఒకే పూట రెండూ అనుకుంటే టాక్సీ మాట్లాడుకోవాలి.

పాత మఠం ఒట్టోమన్ల కాలంలో శిథిలమైపోతే 1825 నుంచి కొత్త చోట కట్టడం మొదలుపెట్టారు. ప్రధాన చర్చి మొదలుపెట్టిన మేస్త్రీ దిమితర్ సోఫియాలియాతాని 1835లో ఒట్టోమన్లు కుట్ర నేరం మీద ఉరి తీశారు. పని పూర్తి చేసినవాడు దగ్గర్లోని ద్ర్యానోవో ఊరికి చెందిన కొల్యూ ఫిచెతో. తర్నోవోలో తిరుగుతుంటే ఈయన పేరు ప్రతి మలుపులోనూ వినిపిస్తుంది. 1879లో దేశపు తొలి రాజ్యాంగం రాసిన భవనం, హాజీ నికోలీ సత్రం, గుర్కో వీధి పైన ఉన్న సెయింట్ కాన్‌స్టంటైన్ అండ్ హెలెనా చర్చి, ఇక్కడి గంటల గోపురం, అన్నీ ఆయనవే. చూరు కింద కావడిబద్దలా మధ్యలో ఉబ్బి రెండు వైపులా వాలిన వంపు కనిపిస్తే అది ఫిచెతో చేతిగుర్తు. ఒకసారి కళ్ళకి అలవాటైతే బోర్డు చదవకుండానే గుర్తుపట్టొచ్చు.

బొమ్మలు 1849, 1851 మధ్య చిత్రకారుడు జహారీ జోగ్రాఫ్ వేసినవి. దక్షిణపు బయటి గోడ మీద జీవిత చక్రం ఉంది. ఇక్కడికి ఇంత దూరం రావాల్సింది దీని కోసమే. మధ్య వలయాల్లో ఋతువులు, పన్నెండు నెలలు. అంచు వెంబడి మనిషి. ఎడమ పక్క పసివాడిగా ఎక్కడం మొదలుపెడతాడు, నెత్తిన నడివయసులో దర్జాగా కూర్చుంటాడు, కుడి పక్క ముసలివాడై తలకిందులుగా జారిపోతాడు, అడుగున మృత్యువు కాచుకుని ఉంటుంది. ఆ గోడకి ఎండ నేరుగా తగులుతుంది కాబట్టి మధ్యాహ్నం ఫోటోల్లో రంగు తెల్లబడుతుంది. పొద్దున్నే గానీ మబ్బు పట్టినప్పుడు గానీ తీస్తే వివరాలు దొరుకుతాయి. రంగులు కొన్ని చోట్ల వెలిశాయి, ఎండకీ వానకీ ఎదురుగా ఉన్న గోడ మరి. అంత తెలిసీ బయటే వేశారంటే, రెండు శతాబ్దాల కిందట అర్బనాసిలో దాచుకున్నవాళ్ళ మనవలు ఇక దాచుకోదలచుకోలేదని అర్థం. 1991లో పైనున్న కొండ చరియ విరిగి పెద్ద పెద్ద బండలు మఠం ఆవరణలో పడ్డాయి. ప్రధాన చర్చి మాత్రం నిలబడింది. మఠం పండగ ఆగస్టు 6, ఆ రోజు జనం ఎక్కువ.

పద్ధతులు కొన్ని. చర్చిలోకి బూట్లతోనే వెళ్తారు, గుమ్మం దగ్గర విప్పేసి ఎక్కడ పెట్టాలా అని వెతకొద్దు. భుజాలు, మోకాళ్ళు కప్పుకోవాలి, మగవాళ్ళు టోపీ తీసెయ్యాలి. ఐకన్ల చెక్కతెర వెనక భాగం మన గర్భగుడి లాంటిది, అటు తొంగిచూడకూడదు. కొవ్వొత్తులు పైన పెట్టేవి బతికి ఉన్నవాళ్ళ కోసం, కింద ఇసుక పళ్ళెంలో గుచ్చేవి చనిపోయినవాళ్ళ కోసం. తెలియక అమ్మానాన్నల పేరు మీద కింద గుచ్చేస్తే పక్కనున్న ముసలమ్మలే తీసి పైన పెడతారు. ఆదివారం పొద్దున ప్రార్థన జరుగుతుంటే వెనక నిలబడి వినండి, పాట బాగుంటుంది, అటూ ఇటూ తిరగొద్దు. బల్గేరియన్లు అవునంటే తల అడ్డంగా, కాదంటే నిలువుగా ఊపుతారు. చర్చి తెరిచి ఉందా అని అడిగినప్పుడు తల చూడకుండా మాట వినండి: ‘ద’ అంటే అవును, ‘నే’ అంటే కాదు. శాకాహారులు ‘బెజ్ మెసో’ అనాలి. మఠాల పేరుతో వచ్చే చిక్కుడుగింజల సూప్ కడుపు నింపుతుంది, అందులోనూ మాంసం వేశారేమో అడిగి తీసుకోండి.

ఇంకో పూట ఉంటే దక్షిణానికి ద్ర్యానోవో మఠం. రాతి గోడల సన్నని లోయలో ఉంటుంది. 1876 ఏప్రిల్ తిరుగుబాటులో పాప్ హరితోన్, బాచో కిరోల దళం సుమారు 200 మందితో ఇక్కడ తొమ్మిది రోజులు ఒట్టోమన్ సైన్యాన్ని నిలువరించింది. చివరికి మఠం కాలిపోయింది, ఇప్పటిది ఆ తర్వాత లేపినది. పక్కనే బాచో కిరో గుహ, దాదాపు 45,000 ఏళ్ళ కిందట యూరప్‌కి వచ్చిన తొలి ఆధునిక మానవుల ఆనవాళ్ళు దొరికిన చోటు. గుహలో వేసవిలోనూ చలి, స్వెటర్ తీసుకెళ్ళండి. తర్నోవో నుంచి ద్ర్యానోవో వైపు ప్యాసింజర్ రైళ్ళు ఉన్నాయి, రోజుకి కొన్నే. తిరుగు బండి టైము బయల్దేరేముందే తర్నోవో స్టేషన్‌లో రాసుకోండి, లేదంటే ద్ర్యానోవోలో టాక్సీ కోసం వెతుక్కోవాల్సి వస్తుంది.